వయసు రాని వీరుడు, తీరని ఉపకథ

ఏళ్ల తరబడి సాగే సూపర్‌హీరో కామిక్స్‌లో ప్రధాన కథ పాఠకుణ్ణి నిరాశపరచడం తక్కువ. ప్రతి సంచికలోనూ ఒక దుర్మార్గుడు పుట్టుకొస్తాడు, నగరానికి ఆపద తెస్తాడు, వీరుడు మొదట దెబ్బతిని తరవాత తేరుకొని అతన్ని ఓడిస్తాడు. ఈ వరస బాగా కుదిరినా, అంతంతమాత్రంగా కుదిరినా, ఆఖరి పేజీకి వచ్చేసరికి లెక్క తేలిపోతుంది. తేలకుండా మిగిలిపోయేది ఉపకథ. ప్రధాన కథకు పక్కగా నడుస్తూ, వీరుడి ప్రేమనో, పెళ్లినో, ఇంటి గుట్టునో ఒక్కో సంచికలో ఒకటి రెండు పేజీల చొప్పున ముందుకు జరిపే చిన్న కథను ఉపకథ అంటారు. పాఠకుడు తరవాతి సంచిక కొనడానికి సగం కారణం అదే అయినా, చివరికి అతనికి మొండిచెయ్యి చూపేదీ అదే. రచయిత చేతగానితనం వల్ల ఇలా జరిగిందని పాఠకులు అనుకోవడం సహజం. దిల్లీలో తయారైన హిందీ కామిక్స్‌నూ, న్యూయార్క్‌లో తయారైన స్పైడర్‌మ్యాన్ కథనూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు మాత్రం, రచయితలు మారినా లోపం మారకపోవడం, దాని మూలం ఆ కథారూపపు కట్టుబాటులోనే ఉండడం కనిపిస్తుంది.

దక్షిణ దిల్లీలో ఐఐటీకి ఆనుకొని, బేర్ సరాయ్‌కి పొరుగున ఉన్న జియా సరాయ్ ఒకప్పుడు పల్లె; నగరం చుట్టూ పెరిగి తనలో కలుపుకొన్న ఇలాంటి ఊళ్లను అక్కడ అర్బన్ విలేజ్ అని పిలుస్తారు. గేట్, నెట్ వంటి పరీక్షలకు చదివేవారితో, కోచింగ్ సెంటర్లతో, ఇరుకు సందుల్లోని అద్దె గదులతో పేరుపడిన ఆ చోట తెలుగు విద్యార్థులు హిందీ ప్రాంతాలవారితో కలిసి ఉండవలసి వస్తుంది. చిన్నప్పుడు ఏం చదివేవారన్న మాట వస్తే, 1980లలో, 90లలో పెరిగిన తెలుగువారు చందమామ పేరు చెప్పే చోట, అదే వయసున్న హిందీవారు చాచా చౌధరీతో పాటు నాగరాజ్, సూపర్ కమాండో ధ్రువ, డోగా పేర్లు చెబుతారు. చివరి మూడు పేర్లు తెలుగు నేల మీద పెద్దగా వినబడకపోయినా, ఉత్తరాదిలో ఒక తరం మొత్తం వాటిని దుకాణాల్లో రోజుకింత అని అద్దెకు తెచ్చుకొని చదువుకుంది.

ఈ ముగ్గురు వీరులూ రాజ్ కామిక్స్ సృష్టి. రాజ్‌కుమార్ గుప్తా నడిపిన రాజా పాకెట్ బుక్స్, దిల్లీ ఉత్తరపు అంచున ఉన్న బురాడీ చిరునామాతో ఈ కామిక్స్ ప్రచురించింది. 1986లో వచ్చిన తొలి నాగరాజ్ కథను పరశురామ్ శర్మ రాయగా, అమర్ చిత్ర కథ పాఠకులకు పరిచితుడైన ప్రతాప్ ములిక్ బొమ్మలు వేశాడు. మరుసటి ఏడాది, 1987లో, అనుపమ్ సిన్హా ‘ప్రతిశోధ్ కీ జ్వాలా’ అనే కథతో సూపర్ కమాండో ధ్రువను ప్రవేశపెట్టాడు. కథను, బొమ్మను ఒకే మనిషి దశాబ్దాలపాటు మోసుకొచ్చిన అరుదైన ఉదాహరణ కావడం వల్ల, ఉపకథల సంగతి తెలుసుకోవడానికి ధ్రువ కథలు బాగా అనువుగా ఉంటాయి. చేతులు మారడం వల్ల కథ చెడిందని చెప్పే అవకాశం ఇక్కడ తక్కువ.

ధ్రువ జూపిటర్ సర్కస్‌లో పుట్టినవాడు. ఊయల మీద విన్యాసాలు చేసే శ్యామ్, రాధ అతని తల్లిదండ్రులు. పోటీ సర్కస్ వారి కుట్రతో డేరా తగలబడి వారు చనిపోతే, రాజన్ మెహ్రా అనే పోలీసు అధికారి ఆ కుర్రవాణ్ణి ఇంటికి తెచ్చి పెంచుకుంటాడు. రాజ్‌నగర్ అనే కల్పిత నగరాన్ని కాపాడే ఈ వీరుడికి ఎగిరే శక్తి గాని, కండల్లో అమానుష బలం గాని ఉండవు. సర్కస్‌లో నేర్చిన కసరత్తు, జంతువులతో పక్షులతో మాట్లాడగల నేర్పు, బడిలో చదివిన భౌతిక, రసాయన శాస్త్రాలు అతని ఆయుధాలు. అన్నిటికంటే చెప్పుకోదగిన విశేషం, అతనికి ముసుగు లేకపోవడం. అతను ఎవరో, ఎవరింట్లో ఉంటాడో ఊరందరికీ తెలుసు. ముసుగు ఉన్నది అతని చెల్లెలికి. రాజన్ మెహ్రా కూతురు శ్వేత, చండిక అనే మారుపేరుతో, ముఖం కప్పుకొని అన్నకు ఆపదలో అడ్డుపడుతుంటుంది; ఆ చండిక తన ఇంట్లోనే, తన పక్క గదిలోనే ఉందని అన్నకు తెలియదు.

ఉపకథగా ఇది చక్కటి ఎత్తుగడ. సూక్ష్మమైన ఆధారంతో నేరస్థుణ్ణి పట్టేయగల అన్నకు సొంత చెల్లెలి గుట్టు ఎప్పుడు తెలుస్తుంది, తెలిసిన రోజున అతను కోప్పడతాడా, గర్వపడతాడా, తల్లిదండ్రులకు చెబుతాడా, దాస్తాడా అన్న ప్రశ్నలన్నీ ఆ ముసుగులోనే ఉన్నాయి. మొదట్లో ఈ గుట్టు పాఠకుడికి సరదాగానే ఉంటుంది, ఎందుకంటే వీరుడికి తెలియనిది తనకు తెలుసు. అయితే సంచికల మీద సంచికలు వచ్చి, ధ్రువ గ్రహాంతర వాసులను, సముద్ర గర్భంలోని నగరాలను, కాలయానపు చిక్కులను సైతం విప్పేశాక కూడా ఆ ముసుగు విప్పలేకపోతుంటే, సరదా స్థానంలో అనుమానం చేరుతుంది. గుట్టు నిలబడాలంటే అన్న తెలివి ఇంటి గడప దగ్గర ఆగిపోవాలి. ఉపకథను సాగదీయడానికి వీరుడి ప్రధాన గుణాన్నే తాకట్టు పెట్టవలసి వచ్చిందన్నమాట.

రెండో ఉపకథ ప్రేమది. సగం దేహం యంత్రంగా మారిన నేర సామ్రాజ్యాధిపతి గ్రాండ్ మాస్టర్ రోబో కూతురు నటాషా, ధ్రువ మీద ప్రేమతో తండ్రి దారి విడిచిపెడుతుంది. మరోవైపు బ్లాక్‌క్యాట్ వేషం వేసే రిచా కూడా అతన్నే కోరుకుంటుంది. నేరస్థుడి కూతురికి, పోలీసు అధికారి పెంపుడు కొడుక్కి మధ్య పుట్టిన ప్రేమలో నిజమైన నాటకం ఉంది: కూతురిగా ఉండడమా, ప్రియురాలిగా ఉండడమా అన్నది నటాషా తేల్చుకోవాలి, ఆమెను నమ్మడమా మానడమా అన్నది ధ్రువ తేల్చుకోవాలి. కానీ వరసగా చదివేవారికి కనిపించేది తేలడం కాదు, ఊగిసలాట. నటాషా దగ్గరవుతుంది, అపార్థమో తండ్రి పట్ల మమకారమో అడ్డొచ్చి దూరమవుతుంది. ఆ ఖాళీలోకి రిచా వస్తుంది. మళ్లీ నటాషా తిరిగి వస్తుంది. నాగరాజ్ కథల్లో నాగద్వీపపు రాణి విసర్పికి, మహానగరంలో వార్తా సంస్థ నడిపే భారతికి మధ్య ఇదే త్రిభుజం మరో రూపంలో కనబడుతుంది. ఒక వీరుడి విషయంలోనైతే రచయిత వెనుకాడాడని అనుకోవచ్చు; ఇద్దరు అగ్రనాయకుల విషయంలోనూ అదే జరిగితే కారణం మరెక్కడో వెతకాలి.

కారణం కొంత వ్యాపారంలో ఉంది. కామిక్స్ లోకంలో ఏ సంచికలో జరిగినదైనా తరవాతి సంచికలన్నిటికీ కట్టుబాటు కావడాన్ని కంటిన్యుయిటీ అంటారు. పాత సంచికలో చనిపోయినవాడు కొత్త సంచికలో కారణం చెప్పకుండా తిరగకూడదు. అద్దె దుకాణంలో, రైల్వే స్టేషన్ స్టాల్‌లో చేతికి దొరికిన సంచికతో చదవడం మొదలుపెట్టే పాఠకుడికి ఈ కట్టుబాటు బరువుగా ఉంటుంది. పాత సంచికలు వరసగా దొరకని కాలంలో, ప్రతి కామిక్‌నూ ఇంతకుముందేమీ చదవనివాడు సైతం అర్థం చేసుకోవాలంటే, వీరుడి పరిస్థితి ఎప్పుడూ ఒకేలా ఉండాలి: ఇంట్లో తల్లిదండ్రులు, చెల్లెలు, బయట ఇద్దరు యువతులు, ఎదుట శత్రువు. మరోవైపు క్రమం తప్పని పాఠకుడు నిలవాలంటే ఏదో మారుతున్నట్టు అనిపించాలి. రాజ్ కామిక్స్ సంపాదకుడు సంజయ్ గుప్తా పాఠకులతో ముచ్చటించే ‘గ్రీన్ పేజ్’ అనే శీర్షిక ఈ రెండోరకం పాఠకుడి కోసం ఉద్దేశించినదే. ఒకే పుస్తకం ఇద్దరినీ తృప్తిపరచాలి కాబట్టి, ఉపకథలు కదులుతూనే ఉన్నచోటనే ఉండడం నేర్చుకున్నాయి.

అమెరికన్ కామిక్స్ రంగంలో ఈ పద్ధతికి ఒక సూత్రమే ఉంది. వీరుడు నిజంగా మారనక్కర్లేదని, మారాడన్న భ్రమ కలిగితే చాలునని చెప్పే సూత్రం స్టాన్ లీ పేరు మీద చలామణీలో ఉంది. విచిత్రమేమంటే, స్టాన్ లీ, స్టీవ్ డిట్కో 1962లో సృష్టించిన స్పైడర్‌మ్యాన్ మొదట్లో ఈ సూత్రానికి లొంగలేదు. బడిపిల్లవాడైన పీటర్ పార్కర్ 1965లో హైస్కూలు దాటి కాలేజీలో చేరాడు. 1973లో అతని ప్రేయసి గ్వెన్ స్టేసీ చనిపోయింది, తిరిగి లేవలేదు. 1987లో మేరీ జేన్‌తో పెళ్లి కూడా అయింది. పెళ్లి తరవాత వచ్చేది సంతానం. అక్కడికి వచ్చేసరికి ప్రచురణకర్త మార్వెల్‌కు భయం పట్టుకుంది. సినిమాల ద్వారా స్పైడర్‌మ్యాన్‌ను ఎరిగిన తెలుగు ప్రేక్షకులకు అతనికి ఒక కూతురు పుట్టిందన్న సంగతి తెలియకపోవడానికి కారణం, ఆ కూతుర్ని కామిక్స్ వారే తమ కథలోంచి జారవిడవడం.

1994లో క్లోన్ సాగా అనే సుదీర్ఘ కథ మొదలైంది. క్లోన్ అంటే ఒక ప్రాణి కణాల నుంచి తయారుచేసిన నకలు. 1975 నాటి కథలో పుట్టి, చనిపోయాడనుకున్న పీటర్ నకలు బెన్ రైలీ పేరుతో తిరిగి వస్తాడు. ఇతనే అసలువాడని, ఇన్నేళ్లుగా పాఠకులు చూస్తున్న పీటరే నకలని తేల్చి, పీటర్‌ను భార్యతో, పుట్టబోయే బిడ్డతో సహా విశ్రాంతికి పంపి, పెళ్లీ పిల్లలూ లేని బెన్‌తో కథ మళ్లీ మొదటినుంచి నడపాలన్నది పథకం. కొన్ని నెలల్లో ముగియవలసిన ఈ కథ, అమ్మకాలు బాగున్నంత కాలం సాగదీయాలన్న ఒత్తిడి వల్ల, నాలుగు మాసపత్రికల్లో పలువురు రచయితల చేతుల మీదుగా రెండేళ్లు నడిచింది. తాము ఇరవై ఏళ్లుగా ప్రేమించిన మనిషి నకలని చెబితే పాఠకులు మండిపడ్డారు. సంపాదకులు మనసు మార్చుకొని, పీటరే అసలువాడని తేల్చి, 1996 డిసెంబర్ తేదీతో వచ్చిన సంచికల్లో బెన్‌ను చంపివేశారు. చిక్కు ఒక్కటే మిగిలింది: విశ్రాంతికి పోవలసినవాడు తిరిగి వచ్చేశాడు గనక, అతనితో పాటు పోవలసిన బిడ్డను ఏం చేయాలి?

దీనికి దొరికిన జవాబు ఈ రంగపు ఉపకథలన్నిటిలోనూ అతి దుర్బలమైనదని చెప్పవచ్చు. అలిసన్ మాంగ్రెయిన్ అనే స్త్రీ మేరీ జేన్ తిండిలో మందు కలుపుతుంది. నొప్పులు మొదలై ఆసుపత్రికి చేరిన మేరీ జేన్‌కు బిడ్డ దక్కలేదని వైద్యులు చెబుతారు. ఆ వెంటనే పాఠకుడికి మాత్రమే కనబడేలా, ఆ స్త్రీ ఒక పొట్లాన్ని పీటర్ చిరకాల శత్రువు నార్మన్ ఆస్‌బోర్న్ మనిషికి అప్పగించే దృశ్యం ఉంటుంది. బిడ్డ బతికి ఉందనడానికి ఇంతకంటే స్పష్టమైన వాగ్దానం ఉండదు. దాదాపు రెండేళ్లు ఆ సంగతి నానిన తరవాత, 1998లో అలిసన్ పశ్చాత్తాపంతో తిరిగి వచ్చి, మే బతికే ఉందని పీటర్‌కు చెబుతుంది. బిడ్డకు పెట్టదలచిన పేరు మే. పెంచిన పిన్నమ్మ పేరు కూడా మే. పీటర్ కూతురి కోసం ఆస్‌బోర్న్ స్థావరంలోకి దూకితే, అక్కడ కనబడేది 1995లో చనిపోయి, పాఠకుల చేత కన్నీరు పెట్టించిన ముసలి పిన్నమ్మ. ఆనాడు చనిపోయింది ఆమె వేషం వేసిన ఒక నటి అని చెప్పి సరిపెట్టారు. జరిగిపోయిన కథకు తరవాత కొత్త అర్థం చెప్పి మార్చివేయడాన్ని రెట్‌కాన్ అంటారు. ఇక్కడ ఒకే రెట్‌కాన్‌తో పిన్నమ్మ మరణం విలువ పోయింది, పాప పుట్టుక విలువ పోయింది. పాప ఏమైందన్న ప్రశ్నను ఆ ధారావాహిక ఇక సూటిగా ఎత్తుకోలేదు.

తొమ్మిదేళ్ల తరవాత, 2007లో, ‘వన్ మోర్ డే’ అనే కథలో అదే చెయ్యి పెళ్లి మీద కూడా పడింది. తుపాకి గుండు తగిలి చావు బతుకుల్లో ఉన్న పిన్నమ్మను బతికించడం కోసం, పీటర్ దంపతులు మెఫిస్టో అనే పిశాచానికి తమ వివాహాన్నే ధారపోస్తారు. మర్నాటి నుంచి ఆ పెళ్లి జరగనట్టే. పెళ్లయిన వీరుడు పెద్దవాడిలా కనిపిస్తాడన్న అభిప్రాయాన్ని అప్పటి ప్రధాన సంపాదకుడు జో కెసాడా దాచుకోలేదు. కథ రాసిన జె. మైకేల్ స్ట్రాజిన్‌స్కీ ముగింపుతో తనకున్న విభేదాన్ని బహిరంగంగానే చెప్పాడు. పీటర్ పార్కర్ పెళ్లి, రాజ్‌నగర్‌లో ధ్రువ ప్రేమ, శ్వేత ముసుగు పైకి వేరువేరు విషయాలు. వాటిని కలిపేది కాలం. ప్రేమ పెళ్లిగా మారాలన్నా, పెళ్లి సంతానంగా ఫలించాలన్నా, గుట్టు రట్టయి ఇంట్లోవారి బంధాలు మారాలన్నా వీరుడి జీవితంలో ఏళ్లు గడవాలి. ప్రచురణకర్తకు వీరుడు మాత్రం ఒక ఆస్తి. తండ్రి తరం చదివిన కుర్రవాడే కొడుకు తరానికీ కుర్రవాడిగా అందితేనే ఆ ఆస్తి నిలుస్తుంది. ఉపకథకు కాలమే ప్రాణం, వీరుడికి కాలమే నిషిద్ధం. ఈ రెండింటినీ ఒక్క పుస్తకంలో పెట్టడంతోనే నిరాశకు పునాది పడుతోంది.

ఈ చిక్కు విప్పడానికి దిల్లీవారు, న్యూయార్క్‌వారు ఒకే ఉపాయం పన్నారు. ప్రధాన ధారావాహికకు సంబంధం లేని మరో లోకాన్ని, అంటే అదే మనుషులు వేరే విధంగా బతికే సమాంతర ప్రపంచాన్ని ఊహించి, తీరని కథలను అక్కడ తీర్చుకున్నారు. 1998లో టామ్ డిఫాల్కో, రాన్ ఫ్రెంజ్ కలిసి, ఎత్తుకుపోయిన పాప తల్లిదండ్రులకు తిరిగి దక్కిందన్న ఒక్క మార్పుతో ఒక విడి కథ చేశారు. అందులో పీటర్ ఒక కాలు పోగొట్టుకొని వీరత్వం మానుకున్న నడివయసు తండ్రి, కూతురు మే హైస్కూలు విద్యార్థిని. ఆ విడి కథ స్పైడర్-గర్ల్ అనే సొంత పత్రికగా మారి, ఆపేస్తామని మార్వెల్ ప్రకటించినప్పుడల్లా పాఠకుల పట్టుదలతో బతికి, 2006 దాకా 100 సంచికలు నడిచింది. 2000 దశకం చివర్లో రాజ్ కామిక్స్ ప్రచురించిన ‘నాగాయణ్’ రామాయణపు చట్రంలో అల్లిన సమాంతర శ్రేణి. ఎనిమిది కాండలుగా సాగిన ఆ కథలో విసర్పి నాగరాజ్ భార్య, నటాషా ధ్రువ భార్య. పెళ్లి తరవాత వచ్చే బాధ్యతలు, కోపాలు, ఎడబాట్లు ఆ కథకు ఇచ్చిన బరువు చూస్తే, ప్రధాన ధారావాహికలో చేతికందకుండా పోయిందేమిటో అర్థమవుతుంది.

తీరని కథ ఏదైనా నిరాశే కలిగిస్తుందనుకోవడం కూడా పొరపాటేనని తెలుగు పాఠకులకు చందమామ ఎప్పుడో చూపించింది. దాసరి సుబ్రహ్మణ్యం 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి రాసిన సీరియల్స్ ఒక్కొక్కటీ నిర్ణీత గడువులో ముగిసేవి, వాటికి చిత్రా వేసిన బొమ్మలతో పెరిగిన పిల్లలు, కథ ముగిశాక ఆ వీరులను వదిలి కొత్తవారితో బయలుదేరేవారు. అదే పత్రికలో బేతాళ కథలు మాత్రం దశాబ్దాలపాటు ముగియలేదు. సంస్కృత మూలంలో 25 కథలతో తేలిపోయిన విక్రమార్కుడి ప్రయాణాన్ని చందమామ వందల కథలకు పొడిగించినా, బేతాళుడు ఎప్పటికి దొరుకుతాడని అలిగి పత్రిక మానేసినవారి గురించి వినం. అక్కడ ప్రతి నెలా శవం మాయమై చెట్టెక్కుతుందన్నది పాఠకుడికీ పత్రికకూ మధ్య ముందే కుదిరిన ఒప్పందం. విక్రమార్కుడు మారతాడని ఎవరూ మాట ఇవ్వలేదు. ముగిసే కథ ముగుస్తుంది, తిరిగే కథ తిరుగుతుంది. ధ్రువ ప్రేమకథ, పీటర్ పాప కథ ముగిసే కథలా మాట ఇచ్చి, తిరిగే కథలా నడిచాయి. పాఠకులకు నొప్పి కలిగించింది ఆ మాట తప్పడమే.

తీరకపోవడంలోనూ ఒక సుఖం ఉందని, నటాషాతో పెళ్లయిన మర్నాడు ధ్రువ కథల్లో రుచి తగ్గేదని వాదించేవారు ఉన్నారు. టీవీ సీరియల్స్ చూసేవారికి ఈ వాదం కొత్తేమీ కాదు. అందులో కొంత నిజం ఉన్నా, పెళ్లయిన ఇరవై ఏళ్లపాటు స్పైడర్‌మ్యాన్ పత్రికలు నడుస్తూనే ఉండడం దానికి సరైన సమాధానం. దిల్లీలో మాత్రం పరిస్థితి మరింత జటిలమైంది. ఈ దశాబ్దపు ఆరంభంలో రాజ్ కామిక్స్ గుప్తా సోదరులు మనోజ్, సంజయ్, మనీష్‌ల పేర్లతో మూడు ప్రచురణలుగా విడిపోయింది, అవే పాత్రలు మూడు చోట్ల నుంచీ వెలువడుతున్నాయి. ఒక ఇంట్లో పెళ్లయిన వీరుడు మరో ఇంట్లో బ్రహ్మచారిగా ఉండగల వీలు ఏర్పడిన చోట, ఉమ్మడి కథ ముందుకు సాగడం కంటే పాత సంచికల పునర్ముద్రణలు అమ్ముకోవడమే సులువు. చిన్ననాటి పుస్తకాలను మళ్లీ కొనుక్కునే నలభై ఏళ్ల పాఠకుడు ఆ వ్యాపారానికి ఆధారం. అతను ఎదిగాడు, ఉద్యోగంలో చేరాడు, పిల్లలను బడికి పంపుతున్నాడు, అతని ధ్రువ మాత్రం శ్వేత గదివైపు ఇంకా అనుమానంగా చూడలేదు. వీరుణ్ణి కుర్రవాడిగా ఉంచే హక్కు ప్రచురణకర్తకు ఉంది. ఆ హక్కు వాడుకోదలచినవారు ఎదిగే మనుషుల సమస్యలను ఎరగా వేయడం మానాలి; ఎర వేసినవారు కనీసం ఒక్క ఉపకథనైనా, ఏ సమాంతర లోకంలోనో కాకుండా, మొదలుపెట్టిన చోటే ముగించి చూపాలి.